ఎర్ర తీగ ఎక్కడుంది?

మా బాపు షాపులో కరెంటు పరీక్షించే మీటరు ముట్టుకోవద్దన్న హుకుం నా మీద ఐదేళ్లు నడిచింది. కాలిన మోటారు విప్పొచ్చు, మాడిన తీగ పీకొచ్చు, కొత్త చుట్లు చుట్టొచ్చు, వార్నిష్ పూయొచ్చు. మీటరు మాత్రం ముట్టుకోకూడదు. వంటింట్లో కూర్చోబెట్టి ఉప్పు ముట్టొద్దన్నట్టు ఉండేది నా బతుకు. నాకేమో ఆ షాపు కావాలి. పట్నంలో నౌకరీ కాదు, ఇంకొకరి దగ్గర పని కాదు. దంతాలపల్లి రోడ్డు మీద, తుప్పు పట్టిన షట్టరు వెనక, వార్నిష్ వాసన కొట్టే ఆ ఒక్క గదే కావాలి.

బాపు ఆ గదిలో నలభై ఏళ్లు మోటార్లు చుట్టాడు. స్క్రూడ్రైవరు ఒక కొన మోటారు మీద పెట్టి, ఇంకో కొన చెవికి ఆనించి, లోపల ఏం పోయిందో చెప్పేవాడు. మీటరు ఉండేది కానీ దాంతో వోల్టేజీ చూడటం, తీగ తెగిందా లేదా అని బీప్‌మనిపించడం, అంతవరకే. దాని మీద పది ఆంపియర్లని రాసి ఇంకో బొక్క ఉండేది. ఎర్ర తీగను మామూలు బొక్కలోంచి తీసి అందులో పెడితే కరెంటు ఎంత పారుతుందో కొలవొచ్చు. బాపు దాని జోలికే పోలేదు. నేను పోయాను. ఆ సంగతే చెప్పాలి.

దానికంటే ముందు మా దిక్కు ఆచారం ఒకటి చెప్పాలి. మాకు ఫ్యూజు పోతే ఎవరూ ఫ్యూజు కొనరు, పోగు చుడతారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరైనా, పొలంలో బాయికాడి మోటారు డబ్బాలోనైనా, ఇంట్లోనైనా అంతే. పాత సర్వీసు తీగ చీల్చి రాగి పోగు ఒకటి తీయడం, రెండు కొనలకు బిగించడం. "ఒక్క పోగేస్తె వారానికే పోతది, మూడు పోగులేస్తె పంట ఇంటికొచ్చెదాక ఫికరుండదు" అనేవాళ్లు రైతులు. ఫ్యూజు పని ముందుగా తాను చచ్చి మిగతావాటిని బతికించడమని మాకు తెలియదు. అది చావడమే దాని లోపమనుకునేవాళ్లం. అందుకే బాపు టేబుల్ మీద రాగి పోగుల చుట్ట ఎప్పుడూ ఒకటి ఉండేది. అడిగినవాళ్లకు తెంపి ఇచ్చేవాడు.

నేను ఇంటర్ మొదటి ఏడు చదువుతున్నప్పుడు ఒకరోజు ఎవరో పంటకు పురుగుల మందు కొట్టే బ్యాటరీ పంపు తెచ్చి పెట్టి పోయారు. బాపు లేడు. నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. ఎర్ర తీగ తీసి పది ఆంపియర్ల బొక్కలో పెట్టాను. తీగల కొనలకున్న సూదులు రెండూ, వోల్టేజీ చూసినట్టే, బ్యాటరీ రెండు కొసలకు ఆనించాను. చిటుక్కుమని నిప్పు రవ్వ లేచింది. మీటరు సున్నా చూపించి ఊరుకుంది. వెనక మూత విప్పి చూస్తే లోపల చిన్న గాజు గొట్టం, దాంట్లో తెగిపోయిన తీగ. ఓస్, ఫ్యూజే కదా అనుకున్నాను. టేబుల్ మీది చుట్టలోంచి ఒక పోగు తెంపి ఆ గాజు గొట్టం రెండు కొసలకు చుట్టి మూత బిగించాను. మీటరు మళ్లీ బతికింది. నా తెలివికి నేనే మురిసిపోయి, మీటరును ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఎర్ర తీగ మాత్రం పది ఆంపియర్ల బొక్కలోనే ఉండిపోయింది.

తెల్లారి బాపు ఒక బాయికాడికి పోయాడు. మోటారుకు మూడు ఫేజులు వస్తున్నాయా లేదా చూడటానికి మీటరు నాబు వోల్టేజీ మీదికి తిప్పి, సూదులు స్టార్టరు డబ్బాలో పెట్టాడు. మీటరు ఆయన చేతిలోనే పేలింది. ఎర్ర తీగ ఆ బొక్కలో ఉన్నప్పుడు మీటరు కొలిచే పరికరం కాదు, ఒట్టి తీగ ముక్క. రెండు ఫేజుల మధ్య తీగ ముక్క పెడితే ఏమవుతుందో అదే అయ్యింది. అసలు ఫ్యూజు ఉండి ఉంటే అది ముందు పోయి ఆయన్ను కాపాడేదేమో. నేను చుట్టిన పోగు మొండిగా నిలబడింది. కనుబొమ్మలు కాలి, కుడి చెయ్యి బొబ్బలెక్కి, మహబూబాబాద్ దవాఖానలో పన్నెండు రోజులున్నాడు. చెయ్యి మానింది కానీ చివరి రెండు వేళ్లు ముడుచుకోవడం మానేశాయి, వాటికి స్పర్శ కూడా పోయింది.

నేను నోరు విప్పలేదు. మంచం పక్కన కూర్చుని విసనకర్ర ఊపాను, కానీ ఆ పోగు చుట్టింది నేనే అని చెప్పలేదు. సిగ్గు, భయం రెండూ. ఇంటికి వచ్చాక బాపు కొత్త మీటరు కొన్నాడు, దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు, తాళం చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. "ఇగ నువ్వు మీటరు ముట్టొద్దు బిడ్డా" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగే మొఖం నాకెక్కడిది?

ఇంటర్ అయ్యాక జనగామలో ఐటీఐలో చేరతానన్నాను, ఎలక్ట్రీషియన్ కోర్సుకు. బాపు ఔననలేదు, కాదనలేదు. మా అవ్వే, అంటే అమ్మే, బట్టలు సర్దింది. బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించింది మాత్రం బాపే. "సదువుకో. కని షాపు మీద ఆశ పెట్టుకోకు" అన్నాడు. జనగామ చేరేదాకా ఆ మాటకు మనసులోనే బదులు చెప్పుకుంటూ పోయాను.

మా తరగతిలో మిగతావాళ్లంతా మగపిల్లలే. సారు సన్నగా, కోపిష్ఠిగా ఉండేవాడు, ఆయన కోపం నాకు నచ్చింది. మొదటి వారమే మీటరు ఎత్తి చూపించి అడిగాడు: "ఎర్ర తీగ యాడున్నది?" మేం తొంగి చూస్తుండగానే అందుకున్నాడు: "దీన్ని సూడకుంట మీటరు వట్టినోడు ఎప్పటికన్న చెయ్యి కాల్చుకుంటడు. వోల్టేజంటె కాలువ గట్టు మీద నిలవడి సూసుడు. కరెంటు కొలుసుడంటె కాలువను తెగ్గొట్టి, నీళ్లన్ని మీటరు నడుముల నుంచి పోనిచ్చుడు. గట్టు మీద పెట్టాల్సినదాన్ని కాలువల పెట్టొద్దు, కాలువల పెట్టాల్సినదాన్ని గట్టు మీద పెట్టొద్దు." తర్వాత మీటరు వెనక మూత విప్పి గాజు గొట్టం చూపించాడు. "దీని జాగల పోగు సుట్టినోడు మనిషిని సంపెటందుకు సుట్టినట్టే."

ఆ రోజు అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. హాస్టల్ పిల్లలు ఇంటి మీద బెంగ అనుకున్నారు.

ఏడ్చి ఊరుకునే రకం కాదు నేను. రెండేళ్లు ఆ మీటరును దేవుణ్ని పట్టుకున్నట్టు పట్టుకున్నాను. సరఫరా ఆపి, తీగ విప్పి, మధ్యలో మీటరు బిగించి, అప్పుడు సరఫరా ఇవ్వాలి. అంకె చూసి, మళ్లీ ఆపి, అప్పుడు విప్పాలి. ఎంత కరెంటు వస్తుందో తెలియనప్పుడు ముందు పది ఆంపియర్ల పెద్ద బొక్కే. పది దాటే చోట, మోటార్ల దగ్గర, అసలు ఈ మీటరు మధ్యలో పెట్టనే కూడదు. తీగ కోయకుండా మీది నుంచి పట్టి చూసే క్లాంపు మీటరు వేరే ఉంది. పనైపోగానే ఎర్ర తీగ దాని ఇంటికి అది రావాలి. నేను ఈ వరుస నిద్రలో కూడా చెప్పగలను. చెప్పానని నా పక్క మంచం పిల్ల సాక్ష్యం.

తిరిగొచ్చేసరికి షాపు సగం చల్లబడి ఉంది. బాపు వేళ్లతో సన్న పని కావట్లేదు. రైతులు మోటార్లు తొర్రూరుకు మోసుకుపోతున్నారు. "ఈ యాసంగి కోతలైనంక షట్టర్ దించుత" అన్నాడు బాపు, అవ్వతో చెబుతున్నట్టు నాకు చెబుతూ. నా పాస్ సర్టిఫికెట్ గోడకు వేలాడుతోంది. మీటరు సొరుగులో, తాళం చెవి మొలతాడుకు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ రెండు వేళ్లు చూసినప్పుడల్లా మంట అక్కడే ఆరిపోయేది.

సరిగ్గా కోతల ముందు ఆ ట్రాక్టరు వచ్చింది. పక్క తండా రైతుది, బాపుకు పాత దోస్తు, నేను కాకా అని పిలుస్తాను. ట్రాక్టరు పగలంతా బాగానే నడుస్తుంది, పొద్దున మాత్రం లేవదు. బ్యాటరీ చచ్చి ఉంటుంది. రోజూ ఆరుగురు నెడితే తప్ప కదలదు. బ్యాటరీ మార్చాడు, ఇంజిను తిప్పే సెల్ఫు మోటారు మార్చాడు, ఫలితం లేదు. పాటల డెక్కే బ్యాటరీని తాగుతుందని ఒకరన్నారు, బ్యాటరీ నకిలీదని ఇంకొకరన్నారు. బాపు ఒక సాయంత్రమంతా దాని చుట్టూ తిరిగాడు. ముడవని వేళ్లతో స్పానరు పట్టి, రెండుసార్లు కింద పడేశాడు.

"అన్నా, నీ చెయ్యి సాగుతలేదు. నీ తప్పు కాదు. నేను తొర్రూరుకు తీస్కపోత" అన్నాడు కాకా మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది. బాపు తల వంచుకుని గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఎంతకూ తుడవడం ఆపలేదు.

"బాపూ, మీటరియ్యి" అన్నాను.

కాకా నవ్వాడు. "పిల్ల పట్టే పనా గిది?"

"ట్రాక్టర్ నూకుతున్న ఆరుగుర్ల ఇద్దరు ఆడిపిల్లలే గదా కాకా? నూకేటందుకు పనికొచ్చినోళ్లం, పట్టెటందుకు పనికి రామా?"

చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. బాపు నవ్వలేదు. మొలతాడుకున్న తాళం చెవి విప్పి టేబుల్ మీద పెట్టాడు. "ఒక్కటే రవ్వ లేసినా, మల్ల బయటికి రాదది" అన్నాడు.

ఆ రాత్రికి బ్యాటరీ నింపి, బిగించి, ట్రాక్టరు షాపు ముందే పెట్టించాను. పొద్దున ఆరున్నరకు ఇంజిను తిప్పకముందే పని మొదలుపెట్టాను. చేతి కడియం, గాజులు తీసి అవ్వకిచ్చాను. ట్రాక్టరు తాళం తీసి నా జేబులో వేసుకున్నాను. మీటరు మధ్యలో ఉండగా ఎవరైనా సెల్ఫు కొడితే వందల ఆంపియర్లు దాంట్లోంచే పోతాయి. మీటరు మూత విప్పి ఫ్యూజు చూశాను. అసలు గాజు గొట్టమే. బ్యాటరీ నల్ల కొస నుంచి తీగ విప్పాను. మీటరు కంటే ముందు ఆ సందులో ఒక హెడ్‌లైటు బల్బు పెట్టాను. ఎక్కడైనా తీగలు కలిసిపోయి ఉంటే ఆ దెబ్బ బల్బు తింటుంది, మీటరు కాదు.

బల్బు మసకగా వెలిగింది.

"తాళం నీ జేబుల ఉండంగ లైటెట్ల వెలిగె?" అన్నాడు కాకా నోరు తెరిచి.

"గదే కాకా నీ దొంగ. ఇంజను పండుకున్నా ఎవడో లేసి తింటున్నడు."

అప్పుడు బల్బు తీసి, ఎర్ర తీగ పది ఆంపియర్ల బొక్కలో పెట్టి, నాబు తిప్పి, కొనలకు పట్టుకునే క్లిప్పులు వేసి మీటరు బిగించాను. మూడు పాయింట్ నాలుగు. రాత్రంతా మూడున్నర ఆంపియర్లు కారిపోతుంటే పొద్దునకు సెల్ఫు తిప్పే బలం ఎక్కడ మిగులుతుంది?

నేను ఆ అంకె బాపుకు చూపిస్తుంటే వెనక ఇనుము కిర్రుమంది. చూస్తే కాకా సీటు మీద ఉన్నాడు. "ఒక్కసారి సెల్ఫు కొట్టి సూద్దామా?" అంటూ జేబులోంచి ఇంకో తాళం చెవి తీశాడు. తమ్ముని ట్రాక్టరుది. మా దిక్కు ఒక తాళంతో పది ట్రాక్టర్లు లేస్తాయి. ఆ సంగతి పుట్టినప్పటి నుంచి తెలిసి కూడా, తాళం జేబులో ఉందని నేను ధీమాగా ఉన్నాను! నా గొంతులోంచి అరుపు రాకముందే బాపు ఒక్క అంగలో ట్రాక్టరు మీదికి పోయాడు. ఆ కుడి చేత్తోనే, పనికిరాదన్న ఆ చేత్తోనే, కాకా మణికట్టు పట్టుకుని పక్కకు లాగాడు.

"దిగు" అన్నాడు. "మా బిడ్డ చెప్పెదాక దేన్నీ ముట్టకు."

ఐదేళ్లలో ఆ షాపులో నా మాటకు విలువ దొరికింది అప్పుడే. నవ్వు ఆపుకోలేకపోయాను.

ఇక ఒక్కొక్క ఫ్యూజు పీకుతూ మీటరు చూశాను. ఏ ఫ్యూజు పీకితే అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉన్నట్టు. ముందు అందరూ తిట్టిన పాటల డెక్కు. మూడు పాయింట్ నాలుగు కాస్తా మూడు పాయింట్ మూడయ్యింది, అంతే. పాపం డెక్కు. తర్వాత లైట్లు, హారను, ఇండికేటర్లు. రెండు ఫ్యూజుల జాగాలో మన రాగి పోగులే దర్శనమిచ్చాయి. అన్నీ పీకేశాను. మూడు పాయింట్ మూడు, కదల్లేదు. చూసేవాళ్లలో గుసగుస మొదలైంది. ఒకాయన "ఇగ తొర్రూరే" అన్నాడు. ఆయన మొఖం నాకు ఇప్పటికీ గుర్తే. మొన్న తన మోటారు మా షాపుకే తెచ్చాడు.

ఫ్యూజులన్నీ పీకినా పారుతుందంటే, ఫ్యూజు లేని దారిలో పారుతున్నట్టు. ఫ్యూజు లేకుండా బ్యాటరీకి పోయేది సెల్ఫు తీగ, బ్యాటరీని నింపే డైనమో తీగ. సెల్ఫు కొత్తది. నేను డైనమో మీద అరచెయ్యి పెట్టాను. రాత్రి మంచుకు ట్రాక్టరంతా చల్లగా తడిసి ఉంది. డైనమో మాత్రం గోరువెచ్చగా ఉంది.

"బాపూ, ఇటు రా. చెయ్యి పెట్టు."

ఆయన కుడి చెయ్యి పెట్టాడు. వేళ్లకు తెలియలేదేమో, ఎడమ చెయ్యి కూడా పెట్టాడు. కనుబొమ్మలు లేచాయి. "ఇంజను తిప్పకముందె ఇది ఎట్ల కాలుతున్నదే?"

"లోపల కరెంటును ఎన్కకు పోనియ్యని డయోడు పోయింది బాపూ. బ్యాటరీల కెళ్లి ఎన్కకు పారుతున్నది."

ముందు మీటరు విప్పాను. తర్వాత డైనమో నుంచి లావు తీగ ఊడదీసి, కొనకు టేపు చుట్టాను. మళ్లీ బల్బు పెట్టాను, వెలగలేదు. మళ్లీ మీటరు బిగించాను. సున్నా పాయింట్ సున్నా. అంకె నేను చదవలేదు. బాపు చదివాడు, రోడ్డంతా వినపడేట్టు. కాకా ఇంటికి ఫోను చేసి వాళ్ల లంబాడీ భాషలో గడగడా ఏదో చెప్పాడు. నాకు డైనమో అన్న మాట ఒక్కటే అర్థమైంది, కానీ ఆ గొంతులో సంతోషానికి అర్థం చెప్పించుకోవాల్సిన పని లేదు.

మధ్యాహ్నానికి కొత్త డయోడ్ ప్లేటు వేసి పంపించాం. తెల్లారి ఏడింటికి అదే ట్రాక్టరు, ఎవరూ నెట్టకుండా, ఒక్క సెల్ఫుకే లేచి, షాపు ముందు ఆగి మూడుసార్లు హారను కొట్టింది. నేను నిర్దోషిగా తేల్చిన ఆ డెక్కు ఊరంతా అదిరిపోయేట్టు పాడుతూ పోయింది. నేను రోడ్డు మీదికి వచ్చి చప్పట్లు కొట్టాను. సిగ్గేమీ పడలేదు.

లోపలికి వచ్చేసరికి బాపు టేబుల్ దగ్గర మీటరును చూస్తూ ఉన్నాడు. ఎర్ర తీగ మామూలు బొక్కలో ఉంది. నిన్న పనైన క్షణమే పెట్టాను. ఆ తీగను అట్లా చూస్తుంటే ఇక నా వల్ల కాలేదు.

"బాపూ, ఆ మీటరు పేలింది నా తోటి. ఫ్యూజు పోతె పోగు సుట్టిన. ఎర్ర తీగ గూడ నేనే మార్చి మర్శిన." చెప్పేశాను.

ఆయన సొరుగు లోపలి అరలోంచి గుడ్డ మూట తీశాడు. అందులో నల్లగా మాడిన పాత మీటరు. వెనక మూత లేదు. నేను చుట్టిన పోగు ముక్క ఒక కొనకు ఇంకా అంటుకునే ఉంది.

"దవాఖాన నుంచి వచ్చిన్నాడే విప్పి సూసిన" అన్నాడు.

"మరి ఒక్క మాట అనలేదేంది?"

"ఏమనాలె బిడ్డా? ఆ పోగు నా టేబుల్ మీదిది. ఫ్యూజు పోతె పోగు సుట్టాలని నీకు సూపిచ్చింది నేను. ఊరందరికి తెంపి ఇచ్చింది నేను. నిన్ను ముట్టొద్దన్నది కోపంతోటి కాదే, నాకు తెలిసింది నీకు రావొద్దని. సక్కగ నేర్పెటోళ్లు దొరకాలని."

నేను ఏడ్చాను. ఆయన నా తల మీద ఆ బిగుసుకుపోయిన చెయ్యి వేశాడు. తర్వాత లేచి, రాగి పోగుల చుట్ట తీసి పాత సామాన్ల డబ్బాలో పడేశాడు. ఇప్పుడు ఆ జాగాలో గాజు ఫ్యూజుల పెట్టె ఉంటుంది. ఎవరైనా అలవాటు కొద్దీ రెండు పోగులియ్యమంటే, "మా బిడ్డనడుగు" అంటాడు. నేను ఏమంటానో ఊరికి తెలుసు, అందుకే ఎవరూ అడగరు. కోతలైపోయాయి, షట్టరు దిగలేదు.

నేను నిజం ఒప్పుకున్న ఆ రోజే మధ్యాహ్నం ఎవరో మందు కొట్టే పంపు తెచ్చారు, బ్యాటరీ నిలవడం లేదని. నేను చెయ్యి చాపబోతే బాపు ఆపాడు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు, నలభై ఏళ్లు మోటార్లకు చెవి ఆనించి పని చేసిన మనిషి.

"జర నాకు సూపియ్యి" అన్నాడు. "కరెంటు కొలుసుడు నాకు రాదు."

నేను మీటరు ఆయన ముందుకు జరిపాను. ఏం చెయ్యాలో ఇంకా చెప్పనే లేదు. ఆయన మీటరు బోర్లా తిప్పి, మూడు వేళ్లతో మెల్లగా మూత విప్పి, ముందు ఫ్యూజు చూశాడు.